క్రూగర్ అడవిలో స్టీరింగ్ మీ చేతిలో: సొంతంగా సఫారీ చేసేవారికి సమగ్ర మార్గదర్శి

మన దగ్గర అడవి చూడాలంటే అటవీశాఖ జీపు ఎక్కాలి. గైడు ఎటు తిప్పితే అటు తిరిగి, సమయం అయిపోగానే దిగిపోవాలి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో ఆ బాధ లేదు. అద్దె కారు తీసుకుని, గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించి, రుసుము కట్టి, మీరే నడుపుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. సింహం కనిపిస్తే అయిదు నిమిషాలు ఆగుతారో, రెండు గంటలు కూర్చుంటారో అంతా మీ ఇష్టం. 1926లో నేషనల్ పార్కుగా ఏర్పడి, మరుసటి ఏడాది నుంచే పర్యాటకుల కార్లను రానిచ్చిన అడవి ఇది. విస్తీర్ణం దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దదే.

ఈ స్వేచ్ఛే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. పటం ముందేసుకుని, రోజుకు రెండొందల కిలోమీటర్లు తిరిగితే ఉత్తరం నుంచి దక్షిణం దాకా చుట్టేయవచ్చని లెక్క వేస్తారు. తీరా వెళ్లాక రోజంతా స్టీరింగ్ పట్టుకుని పరుగెత్తి, సాయంత్రానికి నాలుగు జిరాఫీలను, రెండొందల జింకలను చూసి, అదృష్టం లేదని నిట్టూరుస్తారు. అదృష్టం సంగతి అటుంచితే, క్రూగర్‌లో ఎక్కువ చూసేది తక్కువ తిరిగినవాళ్లే. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

1. ఏ నెలలో వెళ్లాలి

అక్కడి రుతువులు మనకు తలకిందులు. మే నుంచి సెప్టెంబరు దాకా వానలుండవు, చలికాలం. గడ్డి ఎండిపోతుంది, పొదల ఆకులు రాలిపోతాయి, నీళ్లు నదుల్లో, కొన్ని చెరువుల్లో మాత్రమే మిగులుతాయి. జంతువులు నీటిని వెతుక్కుంటూ రాక తప్పదు, వాటిని దాచడానికి ఆకులూ ఉండవు. అందుకే నా ఓటు మన దసరా సెలవులకే. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అడవి బాగా ఎండి ఉంటుంది, ఉదయపు చలి కూడా తగ్గుతుంది.

పిల్లల వేసవి సెలవుల్లోనే కుదురుతుందంటే మే నెల ఎంచుకోండి. గడ్డి ఇంకా కాస్త ఎత్తుగానే ఉంటుంది. కానీ అది ఇంపాలా జింకలు జతకట్టే కాలం. మగజింకలు రాత్రంతా క్యాంపు కంచె అవతల గుర్రుగుర్రుమంటూ, బుసలు కొడుతూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. మొదటిసారి విన్నవాళ్లు సింహమే వచ్చిందనుకుని దుప్పటి ముసుగేస్తారు.

సంక్రాంతికి వెళితే నడివానకాలం. అడవి పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పుట్టిన ఇంపాలా పిల్లలు గంతులేస్తుంటాయి, వలస పక్షులు దిగుతాయి. పక్షుల కోసం వెళ్లేవారికి ఇదే మంచి కాలం. సింహాల కోసం వెళ్లేవారికి మాత్రం నడుమెత్తు గడ్డి అడ్డం. ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, గట్టి వాన పడితే మట్టిరోడ్లు మూసేస్తారు. 2000లోనూ 2012లోనూ వరదలకు పార్కులో వంతెనలు, రోడ్లు బాగా దెబ్బతిన్నాయి.

జూన్, జూలై నెలల్లో వెళ్తుంటే ఉన్ని టోపీ, చేతి తొడుగులు మరచిపోవద్దు. ఆఫ్రికా అనగానే ఎండే గుర్తొస్తుంది గానీ, ఆ తెల్లవారుజాముల్లో పది డిగ్రీల లోపే ఉంటుంది.

2. ముందుగా క్యాంపులు, ఆ తర్వాతే విమానం టికెట్లు

పార్కును నడిపేది శాన్‌పార్క్స్ అనే ప్రభుత్వ సంస్థ. బస వాళ్ల వెబ్‌సైటులోనే దాదాపు 11 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. మంచి క్యాంపులు చాలా ముందుగానే నిండిపోతాయి కాబట్టి గదులు దొరికిన తేదీలను బట్టి విమానం టికెట్లు కొనండి. గదులు లేవని కనిపిస్తే వదిలేయకండి, రద్దయినవి తరచూ తిరిగి వస్తుంటాయి.

క్యాంపు అంటే చుట్టూ కంచె ఉన్న చిన్న ఊరు లాంటిది. గుండ్రటి గోడలు, గడ్డి కప్పు ఉన్న ఇళ్లు, గుడారాలు, దుకాణం ఉంటాయి. పెద్ద క్యాంపుల్లో హోటలు, పెట్రోలు బంకు కూడా ఉంటాయి. పార్కు బయట గేటు పక్కన లాడ్జీలు చవకగా దొరుకుతాయి, కానీ నేను లోపలే ఉండమంటాను. నవంబరు నుంచి జనవరి దాకా లోపలి క్యాంపుల గేట్లు ఉదయం 4:30కే తెరుచుకుంటాయి, బయటి గేట్లు 5:30కి. ఆ గంటసేపు అడవి లోపలివాళ్లదే. మిగతా నెలల్లో తేడా లేకపోయినా, బయటి గేటు దగ్గర కాగితాల వరుసలో నిలబడే పని తప్పుతుంది.

మొదటిసారి వెళ్లేవారు ఉత్తరం వైపు ఆశ పెట్టుకోవద్దు. అక్కడి షింగ్వెడ్జీ, పుండా మరియా క్యాంపులు ప్రశాంతంగా ఉంటాయి. మూడు దేశాలు కలిసే పఫూరి నదీతీరం అందమే వేరు. కానీ అక్కడ జంతువుల సాంద్రత తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. వారం రోజులుంటే నేను చెప్పే దారి ఇది: మలెలేన్ గేటు నుంచి లోపలికి వెళ్లి బెర్గ్-ఎన్-డాల్‌లో రెండు రాత్రులు, లోయర్ సాబీలో రెండు, సతారాలో మూడు, ఆపైన ఓర్పెన్ గేటు నుంచి బయటికి. బెర్గ్-ఎన్-డాల్ చుట్టుపక్కల కొండరాళ్లు, లోయర్ సాబీలో నది, సతారాలో గడ్డిమైదానాలు, వాటితోపాటు సింహాలు. ఒక్క రాత్రి బసలు మాత్రం వద్దు. ఉదయం పదింటికి గది ఖాళీ చేయాలి, మధ్యాహ్నం రెండింటికి గాని కొత్త గది ఇవ్వరు. జంతువులను చూడాల్సిన పూటలన్నీ సంచులు సర్దడానికే సరిపోతాయి.

3. కాగితాలు, మందులు

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి దక్షిణాఫ్రికా వీసా కావాలి, కనీసం రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి. రవాణాశాఖ కార్యాలయంలో ఏడాది చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, దానితోపాటు అసలు లైసెన్సు కూడా పట్టుకెళ్లండి. అద్దె కార్ల కంపెనీలు డ్రైవరు పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతాయి. డెబిట్ కార్డు చూపిస్తే కౌంటరు దగ్గరే ఆగిపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ నడపాలనుకుంటే రెండో డ్రైవరు పేరు కూడా ఒప్పందంలో రాయించండి.

క్రూగర్ మలేరియా ప్రాంతం. అక్కడిది ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. మన ఊళ్లోనూ దోమలున్నాయి కదా అని తేలిగ్గా తీసుకోకండి. బయల్దేరే ముందే డాక్టరును కలిసి నివారణ మాత్రల సంగతి మాట్లాడండి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వాడండి. ఇంటికొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) ఉన్న దేశంలో విమానం మారుతూ 12 గంటలకు మించి ఆగితే టీకా పత్రం అడుగుతారు, అందుకే టికెట్ కొనేటప్పుడు మజిలీ ఎక్కడో చూసుకోండి.

4. కారు, గేటు దాకా దారి

ఫోర్‌వీల్ డ్రైవ్ అక్కర్లేదు. ప్రధాన రోడ్లు తారువి, మట్టిరోడ్లు కూడా మామూలు కారుకు సరిపోతాయి. డబ్బు పెట్టాల్సింది ఎత్తు మీద. ఎత్తైన కారులో కూర్చుంటే గడ్డి మీదుగా చూపు ఆనుతుంది, చిన్న కారులో అదే గడ్డి గోడలా అడ్డు నిలుస్తుంది. ఆటోమేటిక్ గేరు తీసుకోండి. టైర్లకు, అద్దానికి కూడా వర్తించే బీమా కట్టండి, మట్టిరోడ్ల మీద దెబ్బ తగిలేవి ఆ రెండే.

అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, కుడివైపు స్టీరింగ్. అలవాటు పడాల్సినవి వేరే ఉన్నాయి. నాలుగు వైపులా స్టాప్ గుర్తులున్న కూడలిలో ముందు వచ్చి ఆగినవారే ముందు కదలాలి, ఎవరూ తోసుకురారు. హైవే మీద నెమ్మదిగా వెళ్లే బండి పసుపు గీత దాటి ఎడమకు జరిగి దారి ఇస్తుంది, దాటినవారు హజార్డ్ లైట్లు రెండుసార్లు వెలిగించి కృతజ్ఞత చెబుతారు. హారన్ ఉన్న సంగతే మరచిపోండి.

జొహన్నెస్‌బర్గ్ నుంచి ఎన్4 టోల్ రోడ్డు మీదుగా దక్షిణ గేట్లకు 400 కిలోమీటర్లకు పైనే, అయిదు గంటల ప్రయాణం. హైదరాబాదు నుంచి దుబాయి లేదా దోహా మీదుగా, నిద్రలేని కళ్లతో దిగి వెంటనే స్టీరింగ్ పట్టుకోకండి. ఆ రాత్రి జొహన్నెస్‌బర్గ్‌లో పడుకుని తెల్లవారాక బయల్దేరండి. నగరంలో సిగ్నళ్ల దగ్గర అద్దం పగలగొట్టి సంచులు లాక్కుపోయే దొంగతనాలున్నాయి కాబట్టి సీట్ల మీద ఏదీ కనిపించనివ్వకండి. చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండొద్దు. నంబి గేటు దారిలో 2022లో ఒక జర్మన్ పర్యాటకుణ్ని దుండగులు కాల్చి చంపారు. మ్యాప్ దగ్గరి దారి అని అటు చూపించినా వెళ్లకండి. ఫాబేని, పాల్ క్రూగర్, మలెలేన్ గేట్లున్నాయి.

గేటు మూసే వేళకు పరుగున చేరితే చాలదు. అక్కడి నుంచి మీ క్యాంపుకు వెళ్లడానికి పట్టే సమయం లెక్కగట్టి, ఆలస్యమైతే లోపలికే రానివ్వరు. మధ్యాహ్నం పన్నెండు లోపు గేటు దాటేలా చూసుకోండి. విదేశీయులకు రోజువారీ రుసుము ఎక్కువే. వారం ఉండేవారు ఏడాది చెల్లే వైల్డ్ కార్డు అనే ప్రవేశ పాస్ కొంటే గిట్టుబాటవుతుందేమో లెక్క వేసుకోండి.

5. తిండి

శాకాహారులు క్యాంపు హోటళ్లను నమ్ముకుంటే వారం రోజులూ చిప్స్, చీజ్ శాండ్‌విచ్‌లతోనే సరి. వంటగది ఉన్న గది తీసుకోండి. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన భారతీయుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వలసల పుణ్యమా అని దక్షిణాఫ్రికా సూపర్‌మార్కెట్లలో బియ్యం, పప్పులు, కూర మసాలాలు మామూలుగా దొరుకుతాయి. ఎన్4 మీద వెళ్తూ మ్బోంబేలా పట్టణంలో ఆగి అన్నీ కొనుక్కోండి. పార్కు లోపలి దుకాణాల్లో కూరగాయలు అంతంతమాత్రం.

వంటగది చాలాచోట్ల వరండాలోనే ఉంటుంది. ఫ్రిజ్‌కు, అలమరకు గడియ పెట్టకుండా లోపలికి వెళ్లారంటే బబూన్ కోతులు మీ సరుకులు పంచేసుకుంటాయి. రొట్టె ప్యాకెట్టు ఎలా విప్పాలో వాటికి మనకన్నా బాగా తెలుసు.

6. రోజు ఎలా గడపాలి

గేటు తెరిచే వేళకు కారు గేటు ముందు ఉండాలి. మొదటి రెండు గంటలే బంగారం. రాత్రంతా తిరిగిన సింహాలు, చిరుతలు, దుమ్ములగొండ్లు అప్పుడే రోడ్ల వెంట నడుస్తూ గూటికి చేరుతుంటాయి. చల్లటి మట్టి కన్నా తారురోడ్డు వెచ్చగా ఉంటుంది కాబట్టి చలికాలంలో సింహాలు దాని మీదే పడుకుంటాయి కూడా.

తారురోడ్డు మీద గంటకు 50, మట్టిరోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. రాడార్ తుపాకులతో పట్టుకుని జరిమానా వేస్తారు. చూడటానికి వచ్చినవాళ్లు ఆ వేగంతోనూ వెళ్లకూడదు, 25 చాలు. స్కుకుజా క్యాంపు నుంచి సతారాకు దాదాపు 93 కిలోమీటర్లు, కాగితం మీద రెండు గంటలు. అడవిలో అది ఒక పూట పని. మధ్యలో త్షోక్వానే పిక్నిక్ స్థలంలో దిగి కాళ్లు చాపుకుని, టీ తాగి కదలాలి.

పది, పదకొండు గంటలకు ఎండ ముదిరితే జంతువులు నీడకు చేరతాయి. మీరూ క్యాంపుకు వచ్చి అన్నం తిని పడుకోండి. మూడింటికి మళ్లీ బయల్దేరండి. గేటు మూసే సమయం నెలను బట్టి సాయంత్రం 5:30, 6:00 లేదా 6:30. ఆలస్యమైతే జరిమానా. తిరుగు దారికి అరగంట అదనంగా ఉంచుకోండి, ఏనుగుల గుంపు రోడ్డెక్కితే మీ తొందరతో వాటికి పని లేదు.

రోడ్ల పేర్లు తేలిక. హెచ్ అక్షరంతో మొదలయ్యేవి ప్రధాన రోడ్లు, ఎస్ అక్షరంతో మొదలయ్యేవి చాలావరకు మట్టివి. లోయర్ సాబీలో ఉన్నప్పుడు ఉదయం పూట నది వెంట స్కుకుజా వైపు వెళ్లే హెచ్4-1 మీద, సతారాలో ఉన్నప్పుడు ఎస్100 మీద వెళ్లండి. దుకాణంలో కాగితం పటం కొనండి, క్యాంపు దాటాక ఫోను సిగ్నల్ ఉంటుందని నమ్మలేం.

7. చూడటం ఎలా

అందరూ అడిగేది ఇదే, నేర్చుకుంటే వచ్చేదీ ఇదే.

పని పంచుకోండి. డ్రైవరు రోడ్డు, ఒకరు ఎడమ, ఒకరు కుడి. పొద మీద చూపు ఆపకండి, పొద లోపలికి, దాని వెనక్కి చూడండి. చెట్లూ గడ్డీ నిలువుగా ఉంటాయి, జంతువు వీపు అడ్డంగా ఉంటుంది. నిలువు గీతల మధ్య ఒక అడ్డగీత కనిపిస్తే కారు ఆపి దుర్భిణి ఎత్తండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది పడిపోయిన మొద్దే అవుతుంది. తొమ్మిదోసారి దానికి చెవి కదులుతుంది.

చిరుత కోసం నదుల ఒడ్డున పెద్ద చెట్ల అడ్డకొమ్మలు వెతకండి. ఒళ్లంతా ఆకుల్లో కలిసిపోయినా తోక మాత్రం కిందికి వేలాడుతూ దొరికిపోతుంది.

జింకలను చూసి విసుక్కునేవాళ్లు చిరుతను పోగొట్టుకుంటారు. మేస్తున్న ఇంపాలాలు అన్నీ ఒక్కసారిగా తలలెత్తి ఒకే వైపు చూస్తూ, ముక్కుతో తుమ్మినట్టు గట్టిగా శబ్దం చేస్తుంటే మీరు కదలొద్దు. అవి చూస్తున్న వైపే చూడండి. జిరాఫీ మెడ తిప్పకుండా ఒకచోటికే చూస్తున్నా అంతే. రాబందులు ఆకాశంలో తిరుగుతుంటే పెద్ద విశేషం లేదు, వేడిగాలి మీద తేలుతున్నాయి. అవే చెట్టు నిండా కూర్చుని కిందికి చూస్తుంటే, అక్కడ చచ్చిన జంతువు ఉంది. దాని పక్కన చంపినవాడూ ఉండవచ్చు.

దుమ్ములగొండ్లు రోడ్డు కింద నీళ్లు పోయే తూముల్లో కాపురం పెడతాయి. తూము దగ్గర మట్టి తొక్కి నున్నగా ఉంటే ఉదయం వెలుగు రాగానే అక్కడ ఆగి చూడండి. నల్లటి బొచ్చుబంతుల్లాంటి పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి కారు టైరును వాసన చూసే సందర్భాలుంటాయి. బయల్దేరే ముందు అవి చక్రాల దగ్గర లేవని చూసుకోండి.

ఎదురొచ్చే కారును ఆపి ఏమైనా కనిపించిందా అని అడగడం అక్కడ మర్యాదే. మీరు కూడా చెప్పండి. క్యాంపుల్లో ఒక పటం పెట్టి, ఆ రోజు ఏది ఎక్కడ కనిపించిందో రంగురంగుల అయస్కాంతాలతో గుర్తు పెడతారు. అందులో ఖడ్గమృగం ఉండదు. వేటగాళ్లకు దారి చూపకూడదని అలా చేస్తారు. మీరు కూడా ఖడ్గమృగం ఫోటోను చోటు పేరుతో ఎక్కడా పెట్టకండి. కొమ్ము లేని ఖడ్గమృగాలు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు, వేట నుంచి కాపాడటానికి పార్కువాళ్లే కొమ్ము కోస్తున్నారు.

తిరగడం విసుగనిపిస్తే కూర్చోండి. లోయర్ సాబీ క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది, కారు నీటి అంచు దాకా వెళుతుంది. ఇంజన్ ఆపి గంటసేపు ఉంటే నీటిగుర్రాలు, మొసళ్లు, కొంగలు, నీళ్లకు వచ్చే జింకలు అన్నీ మీ ముందుకే వస్తాయి. స్కుకుజా దగ్గర లేక్ పానిక్ అనే చోట పక్షులకు కనిపించకుండా కట్టిన చెక్క గదిలో కూర్చుని వాటిని చూడవచ్చు.

సింహాల దగ్గర పది కార్లు ఆగి ఉంటే వెనక ఆగండి. ఇంజన్ ఆపండి, రోడ్డుకు అడ్డంగా పెట్టకండి, బాగా చూశాక జరిగి చోటివ్వండి. కిటికీలోంచి నడుము దాకా బయటికి వాలి సెల్ఫీలు తీసుకునేవారిని చూసి మీ పిల్లలకు ఆశ పుట్టవచ్చు. ఒప్పుకోకండి. కారు ఆకారం జంతువులకు అలవాటు. అందులోంచి మనిషి ఆకారం విడిగా బయటికొస్తే ఆ లెక్క మారిపోతుంది.

8. ఏనుగు ఎదురైతే

సొంతంగా నడిపేవారు నిజంగా జాగ్రత్తపడాల్సింది సింహం విషయంలో కాదు, ఏనుగు విషయంలో. మన ఏనుగు కన్నా పెద్దది, కారును పల్టీ కొట్టించగలదు.

గుంపు రోడ్డు దాటుతుంటే కనీసం యాభై మీటర్ల దూరంలో ఆగండి. మొదటి ఏనుగు దాటింది కదా అని ముందుకు వెళితే తల్లికీ పిల్లకూ మధ్య ఇరుక్కుంటారు. ఇంజన్ నడుస్తూనే ఉండాలి. వెనక ఇంకో కారు అతుక్కుని ఆగకుండా, రివర్స్ తీసే చోటు ఉండేలా చూసుకోండి.

మేస్తూ, తోక ఊపుకుంటూ ఉన్న ఏనుగుతో భయం లేదు. మేత ఆపి మీ వైపు తిరిగి, చెవులు విప్పి, తల ఎత్తి నిలబడితే మీరు దగ్గరికి వచ్చారని అర్థం. తల విదిలిస్తే, మట్టి ఎగజిమ్మితే అది రెండో హెచ్చరిక. నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. చెంపల మీద కంటికీ చెవికీ మధ్య నుంచి నల్లగా మదజలం కారుతూ, వెనక కాళ్ల మధ్య తడి చారలతో, ఘాటైన వాసనతో ఒంటరి మగ ఏనుగు రోడ్డు వెంట మీ వైపే నడిచి వస్తుంటే హెచ్చరిక కోసం ఎదురు చూడకండి. అది మదపుటేనుగు, దారి ఇవ్వదు. వంద మీటర్లు, అవసరమైతే కిలోమీటరు వెనక్కి వెళ్లి, పక్కరోడ్డు ఉంటే అందులోకి తప్పుకోండి. హారన్ కొట్టడం, ఇంజన్ రేస్ చేయడం, పక్కనుంచి దూరిపోవడం, మూడూ కూడని పనులే.

9. మిగిలిన నియమాలు

గుర్తు పెట్టిన చోట్ల తప్ప కారు దిగకూడదు. టైరు పంక్చరైనా సరే, ముందు పార్కు ప్రవేశ పర్మిట్ కాగితం మీద ఉన్న అత్యవసర నంబరుకు ఫోను చేయండి. సిగ్నల్ లేకపోతే కారులోనే కూర్చుని, వచ్చే కారు ద్వారా కబురు పంపండి. రోడ్డు వదిలి గడ్డిలోకి దిగకూడదు, జంతువులకు తిండి పెట్టకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. రోడ్డు మీద పేడ ఉండలు దొర్లించుకుపోయే పురుగులుంటాయి, తాజా ఏనుగు లద్దె మీదుగా కారు పోనివ్వకండి.

మీ కారులో కుదరనివి రెండున్నాయి, వాటిని క్యాంపులో కొనుక్కోండి. ఒకటి రాత్రి సఫారీ. గేట్లు మూశాక అడవిలో తిరిగే హక్కు పార్కు బండ్లకే ఉంది, ఆరేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకోరు. రెండోది తుపాకీ ఉన్న గైడ్లతో తెల్లవారుజామున కాలినడక, 12 ఏళ్లు నిండాలి. రెండింట్లో ఒకటే అంటే నడకనే ఎంచుకోండి. పెద్ద జంతువులు కనిపించకపోయినా, తాజా అడుగు ముద్రలో మట్టి అంచు ఎలా ఉందో చూసి, సింహం ఎంతసేపటి క్రితం వెళ్లిందో గైడు చెబుతాడు. మర్నాడు కారులోంచి మీరూ రోడ్డు అంచుల్లో ముద్రలు వెతకడం మొదలుపెడతారు.

ఆఖరి రోజు సతారా నుంచి ఓర్పెన్ గేటు దాదాపు 48 కిలోమీటర్లు. ఆ దారిలోనే న్సెమానీ చెరువు ఉంది, గది ఖాళీ చేసే హడావుడిలో దాన్ని వదిలేయకండి. గేటు దగ్గర డిక్కీ తెరిచి సోదా చేస్తారు, పర్మిట్ చేతిలో ఉంచుకోండి. అక్కడి నుంచి జొహన్నెస్‌బర్గ్ ఒక్క ఊపులో వెళ్లాలంటే రోజంతా పడుతుంది. అదే రాత్రి విమానం పెట్టుకోకుండా గ్రాస్కాప్‌లో ఒక రాత్రి ఆగితే, బ్లైడ్ నది లోయను కూడా చూసుకుని వెలుతురు ఉండగానే నగరం చేరవచ్చు.